మేకు మీద బిళ్ళ

మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు చంద్రపూర్ వీధుల్లో తిరిగేవాళ్ళు రెండు రకాలే. గతిలేనివాళ్ళు, బుద్ధిలేనివాళ్ళు. ఆ శనివారం చంద్రకళ తాను ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోకుండానే ముఖానికి దుపట్టా బిగించి చుట్టుకుని, స్కూటీని సైకిల్ షెడ్డులో పెట్టి, పరిశోధన కేంద్రం మెట్లెక్కింది. హ్యాండిల్ వేడికి అరచేతులు ఇంకా మండుతున్నాయి. సెలవులు కాబట్టి వరండా ఖాళీగా ఉంది. ఆఫీసు గది ముందు అట్టపెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, తాళ్ళతో కట్టి ఉన్నాయి.

అవి విడదీతల రోజులు. పాత యూనివర్సిటీని చీల్చి రెండు జిల్లాలకు కొత్తది ఇచ్చి మూడేళ్ళయింది గాని, పంపకాలు మాత్రం ఇంకా సాగుతూనే ఉన్నాయి. అటు రాజురా దాటి లక్కడ్‌కోట్ పొలిమేర మీద ఇంకో తొమ్మిది రోజుల్లో కొత్త రాష్ట్రం మొదలవుతుంది. చంద్రకళ నాన్నగారి బట్టల దుకాణంలో బేరాలకు వచ్చినవాళ్ళంతా చీర రంగు కంటే ఆ సంగతే ఎక్కువ మాట్లాడుతున్నారు. ఈ కేంద్రం పంపకాల్లో కొత్త యూనివర్సిటీ వాటాకు పడింది. సోమవారం లారీ వస్తుంది. యంత్రాలు కొత్త భవనానికి, పాత ఫైళ్ళు మూసేసి పై ఆఫీసు గిడ్డంగికి. ఆ అట్టపెట్టెల్లో ఒకదానిలో అటెండరు బాపయ్య చావు విచారణ ఫైలు కూడా ఉంది. ఏ పెట్టెలో ఉందో చంద్రకళకు తెలుసు. ఆ పెట్టె వైపు చూడకుండా నడవడం ఆమెకు అలవాటైపోయింది.

వరండా చివర, మైక్రోస్కోప్ గది ఎదుటి మూలలో, ఒక ఆడమనిషి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చంద్రకళను చూసి లేచింది.

"మేడం, నేను మల్లవ్వను. బాపయ్య ఇంటిదాన్ని."

"ఎరుకే కాకీ. గింత ఎండల ఎందుకచ్చిండ్రు?" అంది చంద్రకళ. బాపయ్యను కాకా అనేది, ఆ వరసన ఈమె కాకీ. ఆ పిలుపు నోట్లోంచి వస్తుంటేనే ముఖం చెల్లలేదు.

"సోమవారం మిషిన్లు పోతయట గద. కాయితాలు గూడ పోతయని క్లర్కు జెప్పిండు. పోయినంక నేను ఎవ్వల్ని అడగాలె?" మల్లవ్వ కొంగుతో మెడ తుడుచుకుంది. గనుల ఊరు ఘుగ్గుస్ నుంచి బస్సులో వచ్చినట్టుంది, కనుబొమ్మల మీద కూడా బొగ్గు దుమ్ము. "నేను పైసలు అడుగుత లేను. ఆ కాయితంల ఆయన తాగొచ్చి పడ్డడని రాసిండ్రు. నీళ్ళకాడ ఆడోళ్ళు మొఖం మీదనే అంటుండ్రు. పన్నెండేండ్లాయె మేడం ఆయన ముట్టక. మీరు దినాం జూసినోళ్ళు. ఆ ఒక్క మాట కొట్టేయుమని జెప్పుండ్రి. గంతే."

చంద్రకళ దుపట్టా విప్పి భుజాన వేసుకుంది. చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చి, ఎప్పటిలాగే వెనక్కి పోయింది.

"ఒక పని ఉన్నది కాకీ. అద్దగంటల అయిపోతది. అయినంక మాట్లాడుదం. గీడనే నీడకు కూసోండ్రి."

మల్లవ్వ తలూపి మళ్ళీ గోడకు ఆనుకుంది. ఆరు నెలలుగా చంద్రకళ చేస్తున్న పని అదొక్కటే. ఏదో ఒకటి అయినంక మాట్లాడతానని తనకు తాను చెప్పుకోవడం.

ఆ గదికి కిటికీలు లేవు. బయట ఎంత ఎండ కాసినా లోపల చీకటే, ఏసీ చలే. లోపల ఉన్నది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్. మామూలు మైక్రోస్కోప్ వెలుతురుతో చూస్తుంది. ఇది ఎలక్ట్రాన్ల ధారతో, గుడ్డివాడు వేళ్ళతో ముఖం తడిమి మనిషిని పోల్చుకున్నట్టు, నమూనాను గీత తర్వాత గీతగా తడుముతుంది. మంచి బొమ్మ కావాలంటే రెండు నిమిషాలు పడుతుంది. తెర మీద పైనుంచి కిందికి గీత కింద గీత పేరుకుంటూ నిండుతుంది. ఆ రెండు నిమిషాల్లో చుట్టుపక్కల ఏది కదిలినా గీతలు వంకరపోతాయి. రోడ్డు మీద బొగ్గు లారీ పోతే ఒక రకం వంకర. గనిలో బ్లాస్టింగ్ చేస్తే బొమ్మ మధ్యలో తెగినట్టు ఒక్క గీత. గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే అంచుల వెంట రంపం పళ్ళంత సన్నని గరుకు. పదేళ్ళుగా అదే పని కాబట్టి, బొమ్మ చూసి ఆ సమయంలో ఏం కదిలిందో చంద్రకళ చెప్పేయగలదు. ఆ నేర్పు గురించి ఆమెకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆమె చూసేది గాలియం నైట్రైడ్ అనే సెమీకండక్టర్ పొరలను. ఇళ్ళల్లో వెలిగే ఎల్ఈడీ బల్బులకు ప్రాణం అదే. ఆ పొరలో కంటికి కనబడని ఆరుమూలల గుంటలు ఉంటాయి. గుంటలు ఎక్కువైతే బల్బు తొందరగా చచ్చిపోతుంది. ఆ గుంటల బొమ్మలు తీసి, లెక్కపెట్టి, ఎందుకు వచ్చాయో రాయడం చంద్రకళ బతుకుతెరువు.

బాపయ్య ఆ గదికి అటెండరు. ఇరవై ఏళ్ళు బొగ్గుబాయిలో దిగి, ఊపిరితిత్తులు బాగుండగానే బయటపడ్డవాడు. గని వదిలినా గని అలవాటు వదల్లేదు. బాయి దిగేముందు కార్మికుడు తన నంబరు బిళ్ళను మేకుకు తగిలించాలి, పైకొచ్చాక తీసుకోవాలి. మేకుకు బిళ్ళ ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు. బాపయ్య ఇక్కడ కూడా తలుపు పక్కన మేకు కొట్టి, తన పాత ఇత్తడి బిళ్ళను లోపలికి పోయే ప్రతిసారీ తగిలించేవాడు. నూట డెబ్బై మూడు. బంగారంలా మెరిసేది.

"కాకా, గిది బొగ్గుబాయి గాదు. లోపల ఏముంటది పాడు?" అని చంద్రకళ ఆటపట్టించేది.

"గాలి సంగతి గాలికే ఎరుక మేడం. బాయిల గాలి చెడితే దీపం జెప్తది. ఈడ దీపం లేదు, పంక ఒక్కటే ఉన్నది," అనేవాడు ఫ్యాన్ చూపించి. "అద్దగంట దాటి బిళ్ళ మేకుకే ఉంటే, ఎవ్వలైన సరే తలుపు తీసి పిలవాలె. అది బాయి కాయిదా."

ఆయన మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఆ పాత యంత్రానికి ఒక భాగాన్ని చల్లగా ఉంచడానికి రోజూ ద్రవ నైట్రోజన్ పోయాలి. అది విషం కాదు, వాసన రాదు. మనం పీల్చే గాలిలో ఎక్కువ పాలు అదే. కాని ఒలికితే ఏడు వందల రెట్లు ఉబ్బి, చిన్న గదిలోంచి ప్రాణవాయువును నెట్టేస్తుంది. మనిషికి ఊపిరాడనట్టు కూడా ఉండదు. నిద్ర వచ్చినట్టుంటుంది. అందుకే ఫ్యాన్.

కిందటి నవంబర్లో ఒక మంగళవారం, ఫ్యాన్ వణుకు బొమ్మను పాడుచేస్తోందని చంద్రకళ దాన్ని ఆపింది. స్విచ్ గది బయట, మేకు కిందనే ఉంది. ఫ్యాన్ ఆగాక వచ్చిన బొమ్మ చూసి ఆమెకు మతిపోయింది. గుంటల ఆరు అంచులూ కత్తితో కోసినట్టు ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని డైరెక్టర్ అనంతరావు గదికి దాదాపు పరుగెత్తింది. ఫ్యాన్ వేయడం మరిచిపోయింది. పెద్దాయన కూడా మురిసిపోయి టీ తెప్పించాడు. రెండు గంటలకు తిరిగొస్తూ దూరం నుంచి చూస్తే మేకుకు బిళ్ళ వేలాడుతోంది. కాకా నైట్రోజన్ పోస్తున్నాడు కదా అనుకుని అట్నుంచి అటే భోజనానికి పోయింది. మూడుంబావుకు వస్తే బిళ్ళ అక్కడే ఉంది.

లోపల బాపయ్య నేల మీద పడి ఉన్నాడు. నైట్రోజన్ క్యాన్ ఒరిగి ఖాళీ అయిపోయింది. పడేటప్పుడు చేయి తగిలినట్టుంది, నమూనాలు తుడిచే స్పిరిట్ సీసా పగిలి చొక్కా అంతా తడిసింది.

విచారణలో ముగ్గురు కూర్చున్నారు. మరాఠీలో అడిగారు, ఆ రోజు బాపయ్య బట్టల నుంచి వాసన వచ్చిందా అని. అవునన్నట్టు "హో," అంది చంద్రకళ. వచ్చింది మరి. అది దేని వాసనో వాళ్ళు అడగలేదు, ఆమె చెప్పలేదు. అప్పుడు ఫ్యాన్ తిరుగుతోందా అని అడిగారు. దానికీ "హో" అంది. పరీక్షకు పంపిన రక్తం సంగతి ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. తాగి వచ్చి పడిపోయాడని రాసి ముగించారు. చంద్రకళ తీసిన ఆ గుంటల బొమ్మ పరిశోధన పత్రికలో అచ్చయింది. అచ్చయిన రోజు ఆమె ఇంట్లో అన్నం తినలేదు, తలనొప్పి అని చెప్పి పడుకుంది.

ఇప్పుడు మేకు ఖాళీగా ఉంది. బాపయ్య చెప్పులు, టిఫిన్ డబ్బా, బిళ్ళ, అన్నీ సంచిలో పెట్టి అప్పుడే ఇంటికి పంపేశారు.

చంద్రకళ ఫ్యాన్ వేసి లోపలికి వెళ్ళింది. కొత్త అటెండరును ఇవ్వలేదు, కాబట్టి నైట్రోజన్ తనే పోసింది. కొంచెం ఒలికి నేల మీద పొగలు కక్కుతూ ఆరిపోయింది. క్యాన్ మూత పెట్టింది. మూత పెట్టినట్టు ఆమెకు తర్వాత కూడా స్పష్టంగా గుర్తుంది. గోరంత నమూనాను లోపల పెట్టి, గాలి తోడేసే పంపు వేసింది. పంపు గుడగుడమని కాసేపు గొణిగి సర్దుకుంది.

విప్పే ముందు యంత్రం సరిగ్గానే ఉందని చూపడానికి ఒక బొమ్మ కావాలి. అంతే పని. తీసింది. అంచుల వెంట రంపం పళ్ళు. ఫ్యాన్.

నవంబర్ తర్వాత ఆమె ఆ ఫ్యాన్ ఒక్కసారి కూడా ఆపలేదు. బొమ్మలు గరుకుగా వస్తే గరుకుగానే ఇచ్చేసింది. ఇది ఆఖరి బొమ్మ కదా, రెండే నిమిషాలు కదా అనిపించింది. తలుపు తీసి బయటికి చేయి చాపింది. వరండా చివర మల్లవ్వ కళ్ళు మూసుకుని ఉంది. స్విచ్ మీద వేలు పెట్టింది. ఇంత జరిగాక కూడా ఈ చెయ్యి ఈ పని ఎలా చేస్తోందని అసహ్యం వేసింది. అసహ్యం వేస్తుండగానే నొక్కింది.

తలుపు మూసి, లైటు ఆర్పి, కుర్చీలో కూర్చుంది. ఫ్యాన్ రెక్కలు నెమ్మదించి ఆగాయి. ఏసీ సన్నని సొద తప్ప ఏమీ లేదు. తెర మీద మొదటి గీత పడింది.

పైనుంచి పది గీతలు తిన్నగా వచ్చాయి. తర్వాత గుంట అంచు మెల్లగా ఎడమకు వంగింది. మళ్ళీ మెల్లగా కుడికి. మళ్ళీ ఎడమకు.

చంద్రకళ ముందుకు వంగింది. ఇలాంటి వంకర ఆమె ఎప్పుడూ చూడలేదు. లారీ ఇంత నెమ్మదిగా కదిలించదు. బ్లాస్టింగ్ కాదు. పంపు కాదు, ఏసీ కాదు. వాటి వంకరలన్నీ ఆమెకు పేరుపేరునా తెలుసు. ఇది మెత్తగా ఉంది. పొంగుతోంది... తగ్గుతోంది. పొంగుతోంది... తగ్గుతోంది.

తన ఊపిరి బల్లకు తగులుతోందేమో అనుకుంది. ఊపిరి బిగబట్టింది.

తెర మీద అది ఆగలేదు.

ఎడమకు... కుడికి. ప్రతిసారీ అంతకుముందు కంటే కొంచెం ఆలస్యంగా. అంతకుముందు కంటే కొంచెం పెద్దగా. అది ఊపిరి అని ఆమెకు అప్పుడే అర్థమైంది. గాలి చాలని మనిషి లోలోపలికి లాగి తీసే ఊపిరి.

అప్పుడు వాసన వచ్చింది.

స్పిరిట్ వాసన. ఆ గదిలో ఇప్పుడు స్పిరిట్ సీసా లేదు. నవంబర్లో పగిలింది, మళ్ళీ తెప్పించలేదు. తుడవాల్సినవి ఆమె పక్క గదిలో తుడుచుకుంటోంది. అయినా వాసన... కుర్చీ వెనక నుంచి, నేల దగ్గరి నుంచి. తడిసిన చొక్కా నుంచి వచ్చినట్టు.

"కాకా..." అంది చంద్రకళ.

పాదాలు చల్లగా ఉన్నాయి. ఎప్పటినుంచో చల్లగానే ఉన్నాయి, ఏసీ అనుకుంది. కిందికి చూసింది. తెర వెలుతురులో నేలంతా తెల్లగా ఉంది. పాల పొంగులాంటి పొగ మడమలు దాటి పైకి పాకుతోంది. మూలన క్యాన్ ఒరిగి పడి ఉంది. దాని మూత క్యాన్ పక్కన లేదు. ఆమె ఒళ్ళో ఉంది.

లేవాలి. తలుపు నాలుగడుగులు. లేవాలి అనుకుంది. మోకాళ్ళు ఆ మాట వినలేదు. భయం కూడా ఎక్కడో దూరంగా పోతోంది. హాయిగా ఉంది. అదే అన్నిటికంటే భయంకరంగా ఉంది. కుర్చీ మీంచి జారి నేల మీద పడింది. పడ్డచోటు ఆయన పడ్డచోటే. చల్లని గచ్చు మీద చెంప ఆనింది. పైన తెర మీద బొమ్మ సగం కూడా నిండలేదు. ఎడమకు... కుడికి...

తర్వాత వెలుతురు వచ్చి కళ్ళలో పొడిచింది. చంకల కింద రెండు గట్టి చేతులు. మడమలు గడప మీద కొట్టుకున్నాయి. వరండాలోని వేడి గాలి పొయ్యిలా ముఖాన కొట్టింది. బతుకులో ఏ గాలీ ఆమెకు అంత తియ్యగా అనిపించలేదు.

చాలాసేపు దగ్గింది. మల్లవ్వ వీపు రాస్తూ కూర్చుంది. తన సీసాలోని నీళ్ళు తాగించింది.

"ఎట్ల ఎరుకైంది కాకీ, నేను పడ్డట్టు?"

"పడ్డరని నాకేమెరుక? బిళ్ళ కనవడ్డది."

"ఏం బిళ్ళ?"

"మా ఆయనది. నూట డెబ్బై మూడు." మల్లవ్వ మామూలుగానే చెప్పింది. "మీరు లోపలికి పోంగ లేకుండె. కునుకు వట్టింది. కండ్లు దెరిస్తే మేకుకు ఏలాడుతుంది. అద్దగంట అయితదన్నరు, దాటినట్టనిపిచ్చింది. బిళ్ళ ఉంటే తలుపు తీసి పిలవాలె గద. పిలిస్తే మీరు పలుకలే."

ఇద్దరూ మేకు వైపు చూశారు. మేకు ఖాళీగా ఉంది. దాని కింద గోడ మీద తడి చార ఒకటి నేల దాకా దిగి ఉంది. ఆ ఎండలో అది చూస్తుండగానే ఆరిపోతోంది. నేల మీద చిటికెడు ఇసుక మిగిలింది.

"బిళ్ళ మీ ఇంటికి పంపిచ్చిండ్రు గద," అంది చంద్రకళ గుసగుసగా.

"పంపిండ్రు. బూడిదతోని కలిపి వార్ధ నదిల ఏసిన. నా చేతులతోనే ఏసిన." మల్లవ్వ ఇసుకను వేలితో తాకి చూసింది. "మీ కోసం తగిలిచ్చి పోయిండు మేడం."

ఆ మాటకు చంద్రకళ గుండె పగిలింది. తను ఆ మేకుకు బిళ్ళ వేలాడుతుంటే చూసి అన్నం తినడానికి పోయింది. ఆయన తన కోసం తగిలించాడు. ఇక దాచడానికి లోపల జాగా లేకపోయింది.

"కాకీ, ఆయన తాగలే. అది స్పిరిట్ వాసన. సీసా పగిలింది. నాకెరుకే. పంక నేనే బంద్ జేసిన, మళ్ళ ఏసుడు మర్చిన. ఆయన సచ్చింది నా వల్లనే." అక్కడితో ఆగితే కూడా సరిపోయేది. ఆగలేకపోయింది. "ఇంకొకటి ఉన్నది. మూడుంబావుకు నేను వచ్చేసరికి బిళ్ళ ఉన్నది. పంక స్విచ్ బంద్ ఉన్నది. నాకు అంత అర్థమైంది. నేను ముందుగాల తలుపు తియ్యలే కాకీ. ముందుగాల స్విచ్ ఏసిన. పంక తిరుగుతున్నట్టు ఉండాలని. ఏసి నిలవడ్డ. తలుపు తియ్యనీకి చెయ్యి రాలే. తర్వాత తీసిన."

"ఎంతసేపు నిలవడ్డరు?"

"ఒక నిమిషం ఉండొచ్చు."

మల్లవ్వ ఆమె వీపు మీంచి చెయ్యి తీసేసింది. దూరంగా రోడ్డు మీద బొగ్గు లారీ ఒకటి పోయింది.

"మీరు స్విచ్ ఏసేటప్పటికి ఆయనకు ఊపిరి ఉండెనా?"

"తెల్వది కాకీ. నిజంగ తెల్వది."

ఆ మాటలో కల్తీ లేదు. మల్లవ్వ నమ్మినట్టే తలూపింది.

చంద్రకళ బ్యాగులోంచి కాగితాలు తీసి అక్కడే మెట్టు మీద కూర్చుని రాసింది. తెలుగు మాట్లాడడమే గాని రాయడం ఆమెకు రాదు, కాబట్టి మరాఠీలో రాసింది. ఫ్యాన్, స్పిరిట్ సీసా, స్విచ్, నిమిషం, ఏదీ వదల్లేదు. సంతకం పెట్టి, ఫోనులో ఫోటో తీసి అనంతరావుకు పంపింది. అసలు కాగితం మల్లవ్వ చేతికిచ్చింది. నాలుగు నిమిషాల్లో ఫోను మోగింది.

"కళా, గిదేంది? సోమవారం ఫైలు బందయితది. ఊకె ఎందుకు కెలుకుతవ్?" అన్నాడు పెద్దాయన.

"బంద్ గావద్దు సార్," అని చంద్రకళ పెట్టేసింది. తేలికపడుతుందని అనుకుంది. పడలేదు. మెడలో వేలాడే బరువు మాత్రం కొంచెం పక్కకు జరిగింది.

యంత్రం ఇంకా నడుస్తూనే ఉంది. కట్టేయకుండా పోవడానికి లేదు. ఆమె మేకు కింద స్విచ్ వేసింది. ఫ్యాన్ తిరిగింది. తలుపు బార్లా తెరిచి, పొగ పూర్తిగా పోయిందాకా ఆగి, లోపలికి నడిచింది. అలవాటు ప్రకారం ముందు ఎలక్ట్రాన్ ధార ఆపేసింది. ధార లేకపోతే యంత్రం గుడ్డిది, ఇక ఏమీ గీయలేదు. గీసిన బొమ్మ మాత్రం తెర మీద నిలిచిపోయి ఉంది. ఆమె పడిపోయాక కూడా అది పూర్తయింది. కింద అంచున సమయం పడి ఉంది. మల్లవ్వ తలుపు తీయకముందే, ఇందాక ఫ్యాన్ ఇంకా ఆగి ఉన్నప్పుడే అయిపోయింది.

చూడకుండా కట్టేస్తే బాగుండేది. కాని పదేళ్ళ కళ్ళు. వాటంతటవే చదివేశాయి.

పైనుంచి ఆ మెత్తని వంకరలు. ఒక్కొక్కటీ ఆలస్యంగా, ఒక్కొక్కటీ పెద్దగా. సగం దాటాక... అంచుల వెంట సన్నని రంపం పళ్ళు మొదలయ్యాయి.

ఫ్యాన్.

ఈ రోజు ఆ సమయంలో ఫ్యాన్ ఆగి ఉంది. స్విచ్ ఎవరూ ముట్టలేదు. అయినా పళ్ళు అక్కడ మొదలై, కింది దాకా ఉన్నాయి. ఆ మంగళవారం తను నిలబడ్డట్టే, ఎవరో బయట నిలబడి స్విచ్ వేసినట్టు.

ఆ పళ్ళ మీదుగా కూడా ఊపిరి సాగుతోంది.

చంద్రకళ తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు... చాలా దూరంగా నాలుగు. ఐదోది ఎడమకు వంగుతుండగా బొమ్మ అంచు వచ్చేసింది. అక్కడితో అయిపోయింది.

గడప దగ్గర నీడ పడింది. మల్లవ్వ లోపలికి రాలేదు. కాగితం గుండెకు ఆనించుకుని నిలబడి ఉంది.

"ఏమన్న కనవడ్డదా అండ్ల?"

ఎవరూ ఆ బొమ్మ చదవలేరు. ఏమీ లేదంటే అక్కడితో పోతుంది.

"ఉండె కాకీ," అంది చంద్రకళ. "ఊపిరి ఉండె."

మల్లవ్వ గడప మీద కూలబడింది. చంద్రకళ ఆమె దగ్గరికి పోవాలని తిరగబోయింది.

తెర పై అంచున ఒక కొత్త గీత పడింది. దాని కింద ఇంకొకటి. ధార ఆపినట్టు చూపే ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. గీత కింద గీత పేరుకుంటోంది, నెమ్మదిగా, ఓపిగ్గా. అంచుల వెంట సన్నని పళ్ళు.

ఐదో ఊపిరి కుడికి మళ్ళుతోంది.